నాచారంలో గొర్రెపిల్ల చెట్టు కోసం

హైదరాబాద్ వెళ్లి చార్మినార్ చూడకుండా వచ్చావా అని మా రేపల్లెలో నన్ను అడగనివాడు లేడు. చూడలేదు. గోల్కొండ చూడలేదు, ట్యాంక్‌బండ్ కూడా చూడలేదు. నేను చూసినవన్నీ ఇళ్ల ముందు మొక్కలు. ఏనుగులా కత్తిరించిన మొక్క, బాతులా కత్తిరించిన మొక్క, క్రికెట్ బ్యాటులా కత్తిరించిన మొక్క. ఉప్పల్, రామంతాపూర్, నాచారం సందులన్నీ తిరిగి, కాళ్లు బొబ్బలెక్కి, ఇంటికి చేరాను.

నాకు మొక్కల పిచ్చి లేదు. నేను టైలర్ని. బస్టాండు వెనక చిన్న కొట్టు, రెండు మిషన్లు, మెడలో టేపు. కొట్టు మూసేటప్పుడు ఆ టేపు చుట్టి చొక్కా జేబులో వేసుకుంటాను. ఊరెళ్లేటప్పుడైనా దాన్ని ఇంట్లో పెట్టి వెళ్లమని మా ఆవిడ మార్తమ్మ ఎన్నోసార్లు పోరింది. వినలేదు. ఈ ప్రయాణంలో నా కొంప ముంచింది ఆ టేపే.

మాకు ఒక్కతే కూతురు, హెప్సీబా. మా సంఘం పాస్టరు అయ్యగారు నాచారం నుంచి ఒక సంబంధం తెచ్చారు. అబ్బాయి పేరు ప్రభాకర్, ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. తండ్రి లేడు. తల్లి, అన్న, వదిన, ఇతను, అంతా ఒకే ఇంట్లో. అబ్బాయి తన చిన్నాన్నతో వచ్చి మా పిల్లను చూశాడు. రెండు పెసరట్లు తిన్నాడు, నాలుగు మాటలు మాట్లాడాడు, వెళ్లిపోయాడు. తల్లి రాలేదు. ఆమెకు దూర ప్రయాణం పడదట.

ఆ సాయంత్రం హెప్సి నా మిషన్ పక్కన కూర్చుని, "నాన్నా, అబ్బాయిని నేను చూశాను. ఇల్లు నువ్వు చూసిరా. నువ్వు బాగుందంటే బాగున్నట్టే" అంది.

ఆ మాటతో నాకు నిద్ర పట్టడం మానేసింది. కొలత తప్పితే జాకెట్టు కుట్లు విప్పుతాను. ఈ కొలత తప్పితే ఏం విప్పను? పైగా రాష్ట్రం విడిపోతుందని ఒకవారం, విడిపోదని ఇంకోవారం పేపర్లు రాస్తున్న రోజులు. ఉన్న ఒక్క పిల్లను రేపు ఏ రాష్ట్రమవుతుందో తెలియని చోటికి పంపుతావా అని మా సంఘ పెద్ద ఒకాయన నా చెవిలో వేసిపోయాడు. ఆదివారంలోగా మా మాట చెబితే ప్రధానానికి రోజు పెట్టుకుంటామని అవతలివాళ్లు కబురు చేశారు.

వాకబు చేయాలి. అదీ వాళ్లకు తెలియకుండా. అడ్రసు కావాలని అడిగితే తెలిసిపోతుంది. ఎప్పుడో ఒకసారి ఆ ఇంటికి వెళ్లొచ్చిన పాస్టరమ్మగారు మాత్రం గుర్తు చెప్పారు. "గేటు ముందు మొక్కని అచ్చం గొర్రెపిల్లలా కత్తిరించి పెట్టారు. నాచారంలో ఎవర్నడిగినా చూపిస్తారు." ఆ గొర్రెపిల్లే నా అడ్రసు. ఎవరైనా ఎందుకు తిరుగుతున్నావని అడిగితే చెప్పడానికి ఒక అబద్ధం కూడా సిద్ధం చేసుకున్నాను. మా ఊరి చర్చి ముందు ఇలాంటి మొక్కలు పెట్టాలి, చూసి రమ్మన్నారు అని. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారు. చర్చిని అబద్ధంలోకి లాగడం మాత్రం నాకే నచ్చలేదు.

రామంతాపూర్: టీవీ చెట్టు

మా మేనమామ కొడుకు డానియేలు రామంతాపూర్‌లో ఉంటాడు. నాచారంలో ఒక ఫ్యాక్టరీలో పనికని వచ్చి ఇక్కడే పాతుకుపోయాడు. సంచి కింద పెట్టీ పెట్టగానే నా గాలి తీశాడు.

"బావా, నువ్వు ఎవర్నడిగినా మంచోళ్లనే చెప్తారు. సంబంధం చెడగొట్టిన పాపం ఎవడు మోస్తాడు? నేనూ మా మరదలి సంబంధానికి వాకబు చేశా. వీధి వీధంతా మంచోళ్లన్నారు. పెళ్లయ్యాక తెలిసింది, ఆ ఇంట్లో రోజూ కురుక్షేత్రమే."

"మరి ఎట్లా తెలుసుకోవాలి?"

"తెల్వదు. అందుకే ఫికర్ పడొద్దంటున్నా" అన్నాడు. ఫికర్ పడొద్దన్న మనిషి చెప్పాల్సిన కబురేనా ఇది!

మధ్యాహ్నం భోజనమయ్యాక వాళ్ల వీధుల్లో పడ్డాను. ఇక్కడ ఇళ్లు విడివిడిగా, వరసగా, ప్రతిదానికీ ఒక గేటు, గేటుకూ గడపకూ మధ్య రెండు మంచాలు పట్టేంత జాగా. మా వైపు అంత జాగా ఉంటే ఒక మునగ, ఒక కరివేపాకు, నాలుగు బంతిపూల మొక్కలు. పువ్వూ కాయా లేని మొక్కకు మా ఆవిడ చెంబెడు నీళ్లు పోయదు. ఇక్కడ నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. అయినా బియ్యం కడిగిన నీళ్లు బకెట్టులో దాచి, కాయని పూయని పొదలకు పోస్తున్నారు. గుబురుగా, చిన్న ఆకులతో ఉండే మొక్క అది. నర్సరీవాళ్లు దాన్ని డురాంటా అంటారట.

ఒక ఇంటి ముందు అది టీవీ ఆకారంలో ఉంది. నలుచదరంగా కోసి, నెత్తిమీద రెండు కొమ్మలు యాంటెనాలా వదిలారు. నేను నిలబడిపోవడం చూసి, బనియన్లో ఉన్న ఒక ముసలాయన గేటు దగ్గరికి వచ్చాడు.

"టీవీ ఆఫీసుల పని జేసి రిటైరైన సార్. యాది కోసం పెట్టుకున్న."

"ప్రోగ్రాములు వస్తాయా?" అన్నాను.

"ఎందుకు రావు? పొద్దుగాల పిచ్చుకలు, మాపటికి దోమలు" అన్నాడు.

నవ్వాను కానీ నా చూపు ఆయన వెనక తలుపు మీదే ఉంది. లోపలి నుంచి ఒక కోడలో కూతురో తొంగి చూసి, మళ్లీ లోపలికి వెళ్లింది. ఆ ముఖంలో నవ్వు ఉందా లేదా అని ఆ వీధి చివరిదాకా ఆలోచించాను. ఆ ఇంటికీ నాకూ ఏం సంబంధం? భయం పట్టినవాడికి ప్రతి గుమ్మమూ తన కూతురు కాలు పెట్టబోయే గుమ్మంలాగే కనిపిస్తుంది. గొర్రెపిల్ల గురించి అడిగితే ముసలాయన తల అడ్డంగా ఊపాడు.

ఉప్పల్: బొట్టు పెట్టిన ఏనుగు

నేరుగా నాచారంలో అడిగితే ఆ ఇంటికి కబురు పోతుందని భయపడి, ముందు చుట్టుపక్కల అడుగుదామని మర్నాడు పొద్దున షేర్ ఆటోలో ఉప్పల్ వెళ్లాను. వెనక సీటులో ముగ్గురం, ముందు డ్రైవరుకు అటొకరు ఇటొకరు. నా మోకాలు ఎవరి సంచిలో ఉందో ఉప్పల్ రింగ్‌రోడ్డు దాకా తెలియలేదు. మెట్రో కోసమని రోడ్డు మధ్యలో తవ్వి పోశారు. దుమ్ము కళ్లలోకి, నోట్లోకి.

స్టేడియానికి అవతల కాలనీలో బ్యాటూ బంతీ చెట్టు చూశాను. బ్యాటు పచ్చగా నిగనిగలాడుతోంది. బంతి మాత్రం ఎండిపోయి గోధుమరంగుకు తిరిగింది. ఇంటాయన చాలా బాధపడ్డాడు. "ఎండకాలం వచ్చిందంటే బాల్ ఖతం సార్. మల్ల కొత్తది పెడ్త. మ్యాచ్ ఉన్ననాడు జనం వచ్చి గీడ ఫోటోలు దిగుతరు."

రెండు వీధుల అవతల ఏనుగు. నిజానికి అది ఏనుగని ఎవరో చెబితేనే తెలుస్తుంది. చెవులు పెరిగి చాటలయ్యాయి, తొండం మూడు పాయలుగా చీలి మూడు వైపులకు పోయింది. నొసట మాత్రం కుంకుమ బొట్టు, మెడలో ఎండిన బంతిపూల దండ. ఆ ఇంటాయన గేటుకు ఆనుకుని తన గోడు చెప్పుకున్నాడు.

"మూడేండ్లు కష్టపడి తయారు జేసిన అన్నా. తొండం మంచిగ వచ్చినంక మా అమ్మ చూసి, వినాయకుడు వచ్చిండని శుక్రారం నాడు బొట్టు పెట్టింది. ఇగ అయిపాయె. బొట్టు పెట్టినంక కత్తెర పెట్టనియ్యది. దేవుని చెవు కోస్తవారా అంటది."

"మరి మీ ఆవిడ ఏమంటుంది?"

ఎందుకు అడిగానో నాకే తెలియదు. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో జిప్పు సంచి, కోస్తా మాట.

"సంబంధం కోసం వచ్చిన్రా సార్?" అన్నాడు మెల్లగా.

చర్చి ముందు మొక్కల కథ చెప్పాను. చాలా పొడుగ్గా చెప్పాను. ఆయన తల ఊపుతూ విని, "అట్లనా. గీ గల్లీల అందరూ మంచోళ్లే సార్" అన్నాడు.

సగం ఎత్తిన షట్టరు

మూడోరోజు బంద్. పొద్దున్నే ఊరు ఊరంతా షట్టర్లు దింపేసింది. బస్సు లేదు, ఆటో లేదు. దూరంగా నినాదాలు వినిపిస్తున్నాయి. డానియేలు గడప దాటొద్దన్నాడు. నా నోరు తెరిస్తే నేనెక్కడివాణ్నో తెలిసిపోతుంది కదా. ఆదివారం దగ్గరికి వస్తోంది. గొర్రెపిల్ల లేదు, ఇల్లు లేదు, చెప్పడానికి మాట లేదు. వరండాలో పచార్లు చేసి చేసి, ఇక ఉండబట్టలేక వీధి మలుపు దాకా వెళ్లాను.

అక్కడ ఒక హోటలు షట్టరు నడుము ఎత్తు వరకు లేచి ఉంది. లోపల వంగి చాయ్ పోస్తున్నాడు ఒకతను. నేనూ వంగి దూరాను. వేలు చూపించి, నోరు మెదపకుండా, ఒకటి అన్నాను. అతను గ్లాసు ఇస్తూ, "ఆంధ్రానా అన్నా?" అన్నాడు.

వేలు చూపించేటప్పుడు కూడా యాస ఉంటుందని నాకు తెలియదు. అబద్ధమాడే శక్తి కూడా పోయింది. "ఔను" అన్నాను.

"ఎందుకట్ల బుగులు వడుతున్నవ్? కూసో. బంద్ దుకాణానికి, మనుషులకు గాదు" అని ఉస్మానియా బిస్కెట్లు రెండు ప్లేటులో వేశాడు. మా రేపల్లెలో చాయ్ నీళ్లలా జారుతుంది. ఇక్కడిది చిక్కగా, మీగడ కట్టి, పెదవికి అంటుకుంటుంది. ఐదు నిమిషాల కింద ఇదే మనిషికి భయపడ్డాను. అది తాగాక కొంచెం ధైర్యం వచ్చి, గొర్రెపిల్ల చెట్టు గురించి అడిగాను.

"గొర్రెపిల్లనా? మౌలాలి రైల్వే క్వార్టర్లల ఒంటె ఉండె, అది ఎర్క. గొర్రెపిల్ల..." అని ఆగి, లోపల గిన్నెలు కడుగుతున్న భార్యను అడిగాడు. ఆమె అక్కడి నుంచే చెప్పింది. "నాచారం చర్చి ఎన్క గల్లీ కాదా? మా అక్క గాడనే ఉంటది. ఉండె గని, ఇప్పుడు లేదంట." అని పకపకా నవ్వింది. ఎందుకు నవ్విందో చెప్పలేదు. నేను అడగనూ లేదు. పరాయి ఆడమనిషిని నవ్వావెందుకని ఎట్లా అడుగుతాను?

ఆ రోజంతా ఆ నవ్వే నా చెవుల్లో. గొర్రెపిల్ల ఎందుకు లేదు? ఎవరైనా నరికేశారా? ఆ ఇంట్లో గొడవలా? వాకిట్లో మొక్కనే నిలబెట్టుకోలేని ఇల్లు నా పిల్లను ఎట్లా నిలబెట్టుకుంటుంది?

నాచారం: గొడుగు ముసలాయన

మర్నాడు బస్సులు తిరిగాయి. నాచారంలో దిగగానే ఫ్యాక్టరీల వాసన. ఒకచోట మందుల వాసన, నాలుగడుగులు వేస్తే మాడిన బిస్కెట్ వాసన. చర్చి శిఖరం కనిపించింది. దాని వెనక సందు మొదట్లో ఒక కిరాణా కొట్టులో, "ఇక్కడ గొర్రెపిల్ల ఎక్కడండీ?" అని అడిగాను. కొట్టతను తల ఎత్తకుండా, "మటన్ షాపు గా మూలకు" అన్నాడు.

ఆ మూలలో మటన్ షాపు, దాని పక్కన ఒక ఇల్లు, ఇంటి ముందు గొడుగులా కత్తిరించిన చెట్టు. ఒక ముసలాయన ఆ గొడుగు కిందే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. చర్చి మొక్కల కథ ఈసారి కుదురుగా చెప్పి, గొర్రెపిల్ల సంగతి అడిగాను. ఆయన భుజాలు ఎగరేసి మరీ నవ్వాడు.

"గొర్రెపిల్ల పోయింది సార్. ఏడేండ్లాయె."

"పోవడమంటే?"

"తలకాయ పోయింది" అన్నాడు. మళ్లీ నవ్వు. "గిప్పుడు తాబేలున్నది. ముందుకు వోయి ఎడమ దిక్కు మల్లు. తాబేలు ఇల్లు అంటే చిన్న పోరలు గూడ చెప్తరు." నేను కదిలాక వెనక నుంచి కేకేశాడు. "ఇంటోళ్లు మస్తు మంచోళ్లు సార్!"

నేను ఇంటివాళ్ల గురించి అడగనే లేదు. నా ముఖం మీదే రాసి ఉందన్నమాట. తలకాయ పోయింది అన్న మాట ఒకటి, మంచోళ్లు అన్న మాట ఒకటి. రెండూ ఒకదానికొకటి అతకలేదు.

తాబేలు ఇల్లు

ఎడమ దిక్కు మళ్లగానే కనిపించింది. గేటుకు ఒక పక్కన పెద్ద తాబేలు. గుండ్రని వీపు, దాని మీద గళ్లు పడేలా లోతుగా కోసిన గాట్లు, కింద నాలుగు పొట్టి కాళ్లు. కోత మీద నాకు పట్టింపు ఎక్కువ. ఆ వీపు వంపు చూసి నోరెళ్లబెట్టాను. ఒక్క ఆకు అటూ ఇటూ లేదు. కానీ గేటుకు రెండో పక్కన అదే జాతి మొక్క అడవిలా పెరిగి ఉంది. కత్తెర అన్నది తగిలిన గుర్తే లేదు. ఒక చెయ్యి కుట్టి రెండో చెయ్యి కుట్టకుండా వదిలేసిన జాకెట్టులా ఉంది ఆ గేటు. ఇద్దరు కోడళ్లు ఉండబోయే ఇంట్లో ఒకదాన్ని ముద్దు చేసి ఇంకోదాన్ని గాలికి వదిలేశారు. నా మనసు అటే పోయింది.

స్టూలు మీద నిలబడి ఒక ఆవిడ తాబేలు వీపు కత్తిరిస్తోంది. చీర మీద మగవాళ్ల పాత చొక్కా, తలకు తువ్వాలు. మా వైపు పొలం కూలికి వెళ్లే ఆడవాళ్లు అట్లాగే వేసుకుంటారు. ఇంటి కోడళ్లు వీధిలో అందరూ చూస్తుండగా స్టూలెక్కడం నేను ఎరగను. పనిమనిషి అనుకున్నాను. దేవుడే పంపాడనుకున్నాను. ఇరుగుపొరుగు అబద్ధమాడొచ్చు, పనిమనిషి ఎందుకు ఆడుతుంది?

"బాగా కోస్తున్నావమ్మా" అన్నాను.

"ఏదో అన్నా, చేతనైనంత" అంది.

"ఈ ఇంట్లో జీతం సరిగ్గా ఇస్తారా?"

ఆమె కత్తెర ఆపి నా వైపు చూసింది. కాసేపు ఆలోచించి, "జీతమా? పైసలైతే ఇయ్యరన్నా. చాయ్ ఇస్తరు, మూడు పూటల బువ్వ పెడ్తరు" అంది.

"జీతం లేకుండా చేయించుకుంటున్నారా!"

"ఏం జేస్త మరి? ఏడేండ్లాయె. ఇడిసిపెట్టి ఏడికి వోత?"

ఏడేళ్లుగా ఒక ఆడమనిషి చేత జీతం లేకుండా చాకిరీ చేయించుకునే ఇల్లు. "ఇంటావిడ ఎలాంటిదమ్మా?" అన్నాను, గొంతు తగ్గించి.

"నోరు పెద్దది."

"కొడుతుందా?"

ఆమె తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాను. ఆ గాభరాలో ముఖం తుడుచుకుందామని జేబులోంచి రుమాలు లాగితే, దానితోపాటు టేపు ఊడి, చుట్ట విప్పుకుంటూ వీధిలోకి దొర్లిపోయింది. అప్పుడే తలుపు తెరుచుకుని, పొట్టిగా, బొద్దుగా ఉన్న ఒక పెద్దావిడ బయటికి వచ్చింది.

"స్వరూపా, ఎవరే?"

"ఎవరో అన్న, అత్తమ్మా. నాకు జీతం ఇస్తలేరని మస్తు బాధపడుతుండు."

పనిమనిషి ఇంటావిడను అత్తమ్మా అని పిలవదు. పెద్దావిడ వీధిలో పడి ఉన్న టేపును చూసింది. ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసి, నన్ను చూసింది. "రేపల్లె టైలరన్న గద?" అంది. "లోపటికి రా. ఎండల ఎంతసేపు నిలవడ్తవ్."

అడ్డంగా దొరికిపోయాను. ఆవిడే శాంతమ్మ, ప్రభాకర్ తల్లి. నేను జీతం సంగతి అడిగింది పెద్ద కోడలిని. టేపు ఏరి జేబులో వేసుకుని, ఏ ముఖం పెట్టుకుని లోపలికి వెళ్లానో ఇప్పటికీ తెలియదు. శాంతమ్మ మాత్రం కోపగించుకోలేదు. "వాకబు జేయకుంటే బిడ్డను ఎట్ల ఇస్తరు? మేము గూడ మీ ఊరికి మనిషిని పంపినం" అంది. ఎవరిని పంపారో చెప్పలేదు. మా కొట్టుకు వచ్చి జిప్పు మార్పించుకుని, గంటసేపు కబుర్లు చెప్పిన కొత్త మనిషి నాకు గుర్తొచ్చాడు.

అన్నం పెట్టారు. పచ్చిపులుసు పోశారు. మా వైపు పులుసంటే పొయ్యి మీద తెర్లాల్సిందే. ఇక్కడ చింతపండు రసంలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి పిసికి అట్లాగే పోస్తారు. మొదటి ముద్దకు ముఖం చిట్లించాను, మూడో ముద్దకు ఇంకో గరిటె అడిగాను. అది తింటుండగా అత్తాకోడళ్లు గొర్రెపిల్ల కథ చెప్పారు. ఒకరి మాటకు ఒకరు అడ్డు పడుతూ చెప్పారు.

ఆ గొర్రెపిల్లను శాంతమ్మ భర్త మొదలుపెట్టాడట. లోపల ఇనుపతీగతో ఆకారం కట్టి మొక్కను దాని మీదికి పాకించాడు. ఆయన పోయాక శాంతమ్మే కత్తెర పట్టింది. పాలు తాగే గొర్రెపిల్లలా మెడ ఎత్తి ఉండేదట. స్వరూప జనగామ దగ్గర పల్లె నుంచి కొత్తగా కాపురానికి వచ్చింది. అత్తమ్మ చర్చిలో స్త్రీల కూటానికి వెళ్లిన పూట, ఆమెను సంతోషపెడదామని కత్తెర తీసింది.

"పొలంల కొడవలి పట్టిన చెయ్యి అన్నా. గట్టిగ వట్టిన. మెడ తెగింది. తీగ గూడ తెగింది. తలకాయ నా చేతులకు వచ్చింది" అంది స్వరూప. ఇప్పుడు నవ్వడం లేదు.

"నేను వచ్చేసరికి గల్లీ మొత్తం గేటు కాడ ఉన్నది, చావుకు వచ్చినట్టు" అంది శాంతమ్మ.

"మీరేమన్నారు?" అన్నాను. ముద్ద చేతిలోనే ఉంది.

శాంతమ్మ తల వంచుకుంది. జవాబు స్వరూప చెప్పింది. "ఏం అన్లే. గదే. రెండు దినాలు మాట్లాడలే. తిట్టినా మంచిగుండు. నాకు బువ్వ సైంచలే. మా ఊరికి వోదామని సంచి సర్దుకున్న."

"మా ఆయన చేతిది గద అన్నా. నోరు తెరిస్తె ఏమొస్తదో అని నాకే భయమైంది" అంది శాంతమ్మ. "మూడో దినం కత్తెర దీసి దీని చేతుల వెట్టిన. తలకాయ పోయింది, నడుము ఉన్నది. ఏం జేస్తవో నువ్వే జెయ్ అన్న. ఇది వారం దినాలు కోసి, తాబేలన్నది. తాబేలైతే తలకాయ ఏదే అన్న."

"లోపటికి గుంజుకుంది అత్తమ్మా అన్న" అంది స్వరూప.

ఇద్దరూ ఒక్కసారే నవ్వారు. ఏడేళ్ల కిందటి నవ్వు ఇంకా అయిపోనట్టు నవ్వారు. నేను నవ్వలేకపోయాను. నాకు ఆ రెండు దినాలే కనిపిస్తున్నాయి. మా హెప్సి మిషన్ దారం తెగితేనే కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. అత్త రెండు దినాలు మాట్లాడని ఇంట్లో అది ఏమైపోతుంది? అంతలోనే, మూడో రోజు కత్తెర తెచ్చి చేతిలో పెట్టిన అత్తలు ఎంతమంది ఉంటారు? ఎటు కొలిచినా లెక్క తేలలేదు.

గేటు దాటుతుంటే ఆ అడవిలాంటి మొక్క నా చొక్కాకు తగిలింది. అడగకుండా ఉండలేకపోయాను. "దీన్ని ఎందుకట్లా వదిలేశారు?"

"అది చిన్న కోడలిదన్నా" అంది శాంతమ్మ. "ఎవరొస్తే వాళ్లది. ఏం జేసుకుంటదో వచ్చినంక ఆమె ఇష్టం. నేను కత్తెర వెడితే నా బొమ్మ అయితది." మళ్లీ తనే, "మీ బిడ్డనే వస్తదని గాదు. అట్లని రాదని గాదు" అంది. నేను ఊ కొట్టాను.

రేపల్లె

దారిపొడవునా రెండు రకాలుగా కథ అల్లాను. ఒకదాంట్లో ఆ రెండు దినాల మౌనం తీసేసి చెప్పాలనుకున్నాను. ఇంకోదాంట్లో అదొక్కటే చెప్పి ఈ సంబంధం వద్దనాలనుకున్నాను. ఇంటికి చేరేసరికి ఏది చెప్పాలో తెలియలేదు.

శనివారం సాయంత్రం. మార్తమ్మ నీళ్లు తెచ్చింది. హెప్సి నా ఎదురుగా కూర్చుంది. "ఇల్లు ఎలా ఉంది నాన్నా?" అంది.

బాగుందనలేదు, బాగాలేదనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాను. జీతం అడిగిన సంగతి చెబితే మార్తమ్మ తల బాదుకుంది. తెగిన మెడ, మాట్లాడని రెండు దినాలు, చేతిలో పెట్టిన కత్తెర, లోపలికి గుంజుకున్న తలకాయ, ఒక్కటీ దాచలేదు. చివర గేటు పక్కన ఉన్న మొక్క సంగతి చెప్పాను. ఇంత భయం నాకు ఇంకెప్పుడూ వేయలేదు. మొత్తం గుడ్డ దాని ముందు పరిచేశాను. కత్తెర ఇక నా చేతిలో లేదు.

"ఆ రెండో మొక్క ఎంత ఎత్తుంది?" అని అడిగింది హెప్సి.

లేచి నిలబడి, నా భుజం దగ్గర అరచెయ్యి చాపి చూపించాను. హెప్సి నా జేబులోంచి టేపు తీసింది. ఒక చివర కాలి బొటనవేలితో నేలకు నొక్కిపెట్టి, రెండో చివర నా అరచేతి దాకా లాగి చూసింది. ఆ తరువాత అదే టేపు పక్కన తనే నిలబడి చెయ్యి పైకెత్తింది.

"స్టూలు అక్కర్లేదు నాన్నా. అందుతుంది" అంది.